ఏలూరు తివాచీలు: నేలయు, నీరును

ఆంధ్రదేశమున నేలపై పఱచు పఱపులకు పేరుగన్న పట్టణములు రెండు. ఒకటి ఓరుగల్లు, రెండవది ఏలూరు. ఓరుగల్లు జంపఖానాలు నూలుతో నేసినవి. ఇరుప్రక్కల నొక్కతీరుగ నుండును. మడచి చంకబెట్టుకొని పోవుటకు వీలైనవి. వానికి 2018వ సంవత్సరమున భౌగోళికసూచిక యను ప్రభుత్వపు గుర్తింపు కలిగినది. ఏలూరు తివాచీలన్ననో ఉన్నివి. నూలుపడుగుపై ఉన్నిముడులు వేసి, కత్తెరతో సమముగ కత్తిరింపగా, పైభాగము పచ్చికబయలువలె నూగుతో నిండియుండును. మన కావ్యములందు రాజసభలను వర్ణించుచోట వినవచ్చు రత్నకంబళమను మాట యిట్టివానిని కన్నులయెదుట నిలుపును.

ఈ రెండు పఱపులకును నేతలోనే గాక స్వభావములోను భేదమున్నది. ఒకదానికి పులుపు గిట్టదు. రెండవదానికి క్షారము గిట్టదు. ఈ చిన్నమాట తెలియక ఎన్ని యిండ్లలో ఎంత విలువగల పఱపులు పాడగుచున్నవో చెప్పనలవికాదు. దసరా సెలవులలో మేము ఏలూరు పోయి చూచినదియు, విన్నదియు, పిదప మావారి శాస్త్రగ్రంథములలో చదివి తెలిసికొన్నదియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఏలూరు బెజవాడకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. తమ్మిలేరు ఊరిని ఒరసికొని పోయి కొల్లేటిలో కలియును. కృష్ణకాలువ ఊరినడుమనుండి సాగును. చిరకాలము పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, 2022 ఏప్రిలు నుండి తనపేరనే యేర్పడిన జిల్లాకు తానే ముఖ్యపట్టణమైనది. రైలు దిగి బజారుదారిని పోవువారికి బియ్యపుకొట్లును, నిమ్మకాయల బస్తాలును కనబడునుగాని తివాచీలు కనబడవు. వానికొఱకు అడిగి తెలిసికొని పోవలెను. మేము తంగెళ్ళమూడివైపు పోయితిమి.

మా ప్రయాణమునకు కారణము మా పెద్దాడబిడ్డగారు. ఆమె తన కూతునకు పెండ్లినాడు ఏలూరు తివాచీ యొకటి పెట్టినది. అల్లుడుగారు క్రొత్తయిల్లు కట్టుకొని, నేల చేసిన మూడువారములకే గృహప్రవేశముహూర్తము కుదిరినందున, ముందుగదిలో ఆ తివాచీని పఱచిరి. అది వానకాలము. నాలుగునెలలకు తీసి చూడగా క్రిందివైపు తెల్లని ఉప్పు పూసినట్లుండెను. ఒకమూల ఎఱుపు తెలుపులోనికి దిగెను. దానిని బాగుచేయుదమని పనిమనిషి చాకలిసోడా కలిపిన వేడినీటితో రుద్ది తోమినది. ఆరిన తరువాత నూగు గరుకెక్కి, కాంతి చెడి, పసుపువన్నె తిరిగెను. కూతురు కంటనీరు పెట్టుకొన్నదట. వదినగారు దానిని చుట్టగట్టించి, “నేసినవారికే చూపింతము రండి” అని మమ్ము వెంటబెట్టుకొని పోయినది.

మేము పోయిన చోట మగ్గములు నిలువుగా నున్నవి. పైదూలమునుండి క్రిందిదూలమువఱకు నూలుపడుగు బిగించి, దానియెదుట బల్లపై కూర్చుండి పనివారు ముడులు వేయుచున్నారు. ప్రతిముడియు రెండు పడుగుదారములను చుట్టి వచ్చును. ఒక వరుస ముడులు ముగిసిన పిమ్మట పేక దూర్చి, పంజా యను ఇనుపదువ్వెనతో అడచి కొట్టుదురు. ఆ చప్పుడు తప్ప అచట వేఱు చప్పుడు లేదు. అంగుళమునకు అడ్డముగ పది, నిలువుగ పది ముడులున్నయెడల చదరపుటంగుళమునకు నూఱు ముడులు. నాలుగడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవుగల చిన్నతివాచీలో 3,45,600 ముడు లుండును. ఒకమనిషి రోజునకు ఆఱువేల ముడులు వేయగలిగినను, అది ముగియుటకు దాదాపు రెండునెలలు కావలెను. ఈ లెక్క మేము చీటిపై వేసికొని చూచినప్పుడు వదినగారు చుట్టను తడవి, “ఇన్ని వ్రేళ్ళపనిని మనము ఒకపూటలో కడిగివైచితిమి గదా” అనినది.

ఏలూరి నేతగాండ్ర పూర్వులు మహమ్మదీయప్రభువుల కాలమున పారసీకదేశమునుండి వచ్చినవారని ప్రసిద్ధి. సముద్రతీరమున మచిలీపట్నము రేవు చేరువనున్నందున ఈ సరుకు ఓడలపై దేశాంతరములకు పోయెను. ఓరుగల్లు పఱపులు 1851లో లండనునగరమున జరిగిన మహాప్రదర్శనమునకు పోయినవి. 1856లో పెర్కిను అను నాంగ్లేయ యువకుడు తారునుండి ఊదారంగు తీసినది మొదలు అగ్గువరంగులు వెల్లువగ వచ్చినవి. కొనువారు చౌకసరుకు కోరిరి, చౌకరంగు లద్దిరి, అవి వెలిసెను, పేరు పోయెను. బర్డువుడ్డను పండితుడు 1880లో భారతదేశపు చేతిపనులనుగూర్చి వ్రాసిన గ్రంథమున మచిలీపట్నపు తివాచీల క్షీణతకు కొనువారి కోరికలే కారణమని విచారించెను. కాబట్టి తివాచీని చెఱచునది నేతగాడు కాడు. తఱచుగ కొన్నవారి చేయియే.

పెరటిలో రంగుబాన పొయ్యిపై నున్నది. ఉన్నిచిలపలు ఎఱ్ఱనినీటిలో మెల్లగా తిరుగుచున్నవి. పుల్లని ఘాటు ముక్కున కెక్కెను. వృద్ధుడగు సాయిబుగారు మాకు పీటలు వేయించి యిట్లు చెప్పెను: “అమ్మా, ఉన్ని పులుపులోనే రంగు తాగుతుంది. నీళ్ళు పుల్లగా లేకపోతే రంగు పైపైన నిలిచి, కడిగితే పోతుంది. పులుపుంటే లోపలికి దిగి కూర్చుంటుంది. అందుకే తివాచీ ఎప్పుడూ పులుపువైపే వుండాలి, సవుడువైపు పోకూడదు.”

ఈ మాటలో శాస్త్రమంతయు నిమిడియున్నది. ఉన్ని మన వెండ్రుకలవలె, గోళ్ళవలె మాంసకృత్తులతో నేర్పడినది. పట్టును అట్టిదే. ఉన్నికద్దు రంగులలో పెక్కింటికి ఆమ్లరంగులనియే పేరు. పుల్లనినీటిలో ఉన్ని ఆ రంగు రేణువులను అయస్కాంతమువలె ఆకర్షించి బిగబట్టును. క్షారము తగిలినప్పుడు ఆ పట్టు సడలి రంగు జారును. క్షారము తీవ్రమైనచో రంగేగాక ఉన్నియే కరగును. నూటికైదుపాళ్ళ దాహకసోడానీటిని మఱగించి ఉన్ని వేసినయెడల కొలది నిమిషములలో అదృశ్యమగును. బట్టలు తెల్లపఱచు క్లోరిను నీరును ఉన్నిని అట్లే తినివేయును.

నూలును, జనుమును, గోనెయును చెట్లనుండి పుట్టినవి. వాని గుణము దీనికి తలక్రిందు. చాకలివారు తరతరములుగా సవుడుమట్టి కలిపి ఉడికించినను నూలుబట్టకు హాని లేదు. గాఢమైన ఆమ్లపుచుక్క పడినచో, ఆరిన కొన్నాళ్ళకు అచట రంధ్రము పడును. ఉన్నిలో చిక్కుకొన్న ముండ్లను, గడ్డిపఱకలను పోగొట్టుటకు మరలలో గంధకామ్లము పట్టించి వేడిచేయుదురు. గడ్డి బొగ్గై రాలిపోవును, ఉన్ని నిలుచును. ఒకే పులుపు ఒకదానికి మృత్యువు, మఱొకదానికి స్నానము! ఇక ఏలూరు తివాచీలో పైన ఉన్ని, అడుగున నూలు. అత్తయు కోడలును ఒకేయింట నున్నట్లు, ఇద్దఱికిని ఒప్పునట్టి నడిమిమార్గమున దానిని పోషింపవలెను.

పులుపు, క్షారము ఎంతెంత యున్నదో కొలుచుటకు పీహెచ్ అను కొలత గలదు. డెన్మార్కుదేశపు కోపెన్‌హాగెనునగరమున కార్ల్స్‌బెర్గు ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు 1909లో దీనిని కల్పించెను. శుద్ధజలము 7. అంతకు తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్లు తేడా; కాబట్టి 9 అనగా 8 కంటె పదిరెట్లు, 7 కంటె నూఱురెట్లు క్షారము. మన వంటయింటి వస్తువులలో నిమ్మరసము 2 దరిదాపు, కాఫీ 5, పాలు 7 కు రవంత తక్కువ, వంటసోడా నీరు 8 కు పైన, చాకలిసోడా నీరు 11. బట్టల సబ్బుపొడి నీరు సాధారణముగ 10 మొదలు 11 వఱకు నుండును. కుంకుడురసము పులుపువైపున 4, 5 ల నడుమ నుండును. పట్టుచీరను, శాలువను కుంకుడుతో ఉదుకవలెనని మన అవ్వలు చెప్పుటలోని మర్మ మిదియే. వారికి సోరెన్‌సెన్ తెలియడు, ఉన్ని తెలియును.

కొలతపరికరము లేదని విచారింప నక్కఱలేదు. పసుపు మనయింటనే యున్నది. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగునని ప్రతి ముత్తైదువయు నెఱుగును. హారతినీళ్ళ కాంతి యదియే. తెల్లకాగితమును పసుపునీట ముంచి నీడను ఆరబెట్టి చీలికలుగ కత్తిరించి డబ్బాలో దాచుకొన్నయెడల, అదే మన పరీక్షపత్రము. పరీక్షింపదగిన నీట దానిని తడుపుడు. పసుపుగనే యున్న భయములేదు. ఇటుకవన్నె తిరిగిన క్షారమున్నదని తెలియుడు. ఎంత క్షారమో అది చెప్పజాలదు. అది తెలియవలెనన్న మందులయంగడిలో దొరకు పీహెచ్ పత్రములు కొనవలెను.

సాయిబుగారు వదినగారి తివాచీని తిరుగవేసి చూచి, తెల్లనిపొడిని వ్రేలితో తీసి, “అమ్మా, ఇది మీ నేలలోని సున్నమే. నేల ఊపిరి పీల్చుకోకముందే మూత వేశారు” అనెను. ఆయనమాట సత్యము. క్రొత్త సిమెంటునేల చూడ పొడిగ నున్నను లోపల నీరుండును. ఆ నీటి పీహెచ్ 12, 13 వఱకు నుండును. అది మెల్లమెల్లగ పైకి ప్రాకి, గాలి తగిలిన ఆవిరియై పోవును. క్షారపులవణములు మాత్రము పైన మిగులును. తివాచీ కప్పియున్నయెడల ఆ ఆవిరికి దారిలేదు. చెమ్మయు, క్షారమును కలిసి అడుగునూలులో నిలిచి, బూజు పుట్టించి, ఉన్ని మొదళ్ళను మెత్తపఱచి, రంగు జార్చును. కాలముగడచినకొలది గాలిలోని బొగ్గుపులుసువాయువు నేలపైభాగమునందలి క్షారమును తగ్గించును. గచ్చు పాతబడినకొలది మంచిదని పెద్దలనుట యిందుకే.

ఇరువదియెనిమిది దినములు నీరుపోసి తడిపిన నేల గట్టిపడినదేగాని ఆరినది కాదు. ఒక అంగుళము మందమునకు నెలచొప్పున ఆరనీయవలెనని మేస్త్రీలలో వాడుక. ఇది స్థూలమైన లెక్క. వానకాలమున ఇంకను హెచ్చును. పరీక్ష సులభము. అడుగున్నర చదరపు ప్లాస్టికుపటమును నేలపై పఱచి నాలుగంచులను జిగురుపట్టీతో అంటించి ఒక పగలు, ఒక రాత్రి విడువుడు. తీసిన తరువాత క్రింద నీటిచెమటగాని, నేలపై నల్లనిమచ్చగాని యున్న తివాచీ వేయదగదు. పిమ్మట శుద్ధజలపు చుక్క వేసి, నిమిషమాగి, పసుపుకాగితమో పీహెచ్ పత్రమో అద్ది చూడుడు.

పట్టణములలో గోడనుండి గోడవఱకు జిగురుతో అంటించు తివాచీలు వేయించుకొనువారికి ఈ పరీక్ష మఱింత ముఖ్యము. నూనెకు క్షారము తగిలిన సబ్బగునని మనకు తెలియును. కొన్ని జిగురులును అట్లే నేలలోని క్షారమునకు సబ్బువలె మెత్తనై, కంపుకొట్టి, పట్టు వదలును. అంచులు లేచును, పిల్లలు తట్టుకొని పడుదురు. నేల పీహెచ్ 9 లేక 10 మించరాదని జిగురు చేయువారు సాధారణముగ డబ్బాపైననే వ్రాయుదురు. పనివాడు తెఱచుటకు ముందే గృహిణి దానిని చదువుట మేలు. కొందఱు క్షారము విఱుగునని నేలను ఘాటుఆమ్లముతో కడిగింతురు. దాని శేషము నిలిచిన నూలుపడుగునకు, గోనెకు చేటు. పలుమార్లు మంచినీట కడిగి, ఆరిన పిదప మరల పరీక్షింపవలెను. ఓరుగల్లు జంపఖానా పఱచువారు దీనిని మఱవరాదు. ఇన్వర్టరు బ్యాటరీ చేరువను జంపఖానా యుంచుటయు తగదు. అందలి గంధకామ్లపు చుక్క నూలును తినివేయును.

మరకల విషయము కొంత చెప్పుదుము. పసిబిడ్డ తివాచీపై మూత్రము పోసినప్పుడు అది అప్పటికి కొంచెము పులుపువైపే యుండును. వెంటనే పొడిగుడ్డతో అద్ది, చన్నీరు చిలికి మరల అద్దిన పోవును. నిలువయుంచినచో సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగ మార్చును; అప్పుడది క్షారమై రంగును చెఱచును. పాతమరకకు గిన్నెడునీట చెంచాడు తెల్లవినిగరు కలిపి అద్దవలెను. కాఫీ, టీ మరకలకు సబ్బుగాని సోడాగాని తగిలించిన గోధుమవన్నె ముదురును. వానికి చన్నీరును, పిదప ఆ వినిగరునీరును మేలు. సాంబారులోని పసుపు పడినచో సబ్బు రాయగనే ఎఱ్ఱనగును. చూచి బెదరి మఱింత సబ్బు రాయకుడు. పులుపునీటితో మరల పసుపువన్నెకు తెచ్చి, కొంతసేపు ఎండ సోకనిచ్చిన వెలియును. తివాచీ రంగులును ఎండకు వెలియును గనుక మరకమేర తప్ప మిగిలినదానిని కప్పియుంచవలెను. ఏ నీరైనను ముందు కనబడనిమూలను, తెల్లగుడ్డతో ప్రతి రంగుపైనను అద్ది చూచి, గుడ్డకు రంగు అంటనప్పుడే వాడవలెను. రుద్దుట కూడదు, అద్దుటయే పని.

మొత్తము కడుగుట సంవత్సరమునకో రెండేండ్లకో ఒకమాఱు చాలును. తిరుగవేసి పలుచని కఱ్ఱతో మెల్లగ తట్టి దుమ్ము రాల్చుటయే సగము శుద్ధి. కడుగునప్పుడు కుంకుడురసముగాని, ఉన్నికని వేఱుగ అమ్ము మెత్తని సబ్బుద్రవముగాని వాడి, చివరనీటిలో కొంచెము వినిగరు కలుపవలెను. ఆ పులుపు మిగిలిన సబ్బు క్షారమును విఱిచి, రంగును బిగించి, నూగుకు మృదుత్వము తెచ్చును. పిమ్మట శీఘ్రముగ ఆరవలెను. అడుగునూలుగాని గోనెగాని చాలసేపు తడిసియున్నయెడల అందలి గోధుమరంగు పైకి ప్రాకి నూగుకొనలకు పట్టును. క్షారమున్న ఇది రెట్టింపగును. నీడను, గాలికి ఎత్తుగ పఱచి ఆరబెట్టుట ఉత్తమము.

సాయిబుగారు మాయెదుటనే మరకమూలను పులుపునీటితో తడిపి, పిండి, తెల్లగుడ్డతో అద్దెను. జారిన ఎఱుపు కొంత గుడ్డకు వచ్చెను. గరుకు కొంత తగ్గెను. ఒకచోట నూగును వ్రేళ్ళనడుమ నలుపగా పొడియై రాలెను. “ఇక్కడ ఉన్ని చచ్చిపోయింది. జానెడు మేర కోసి మళ్ళీ ముడులు వేయాలి. మిగతాది బ్రతుకుతుంది” అనెను. ఎన్నాళ్ళు పట్టునని వదినగారు అడుగగా, తన కోడలి తలపై చేయివేసి, “ఈ అమ్మాయి తప్ప మా ఇంట్లో ఈ పని నేర్చుకున్నవాళ్ళు లేరు; నెల ఆగండి” అనెను. ఆ పిల్ల తలయెత్తక ముడి వేయుచునే యుండెను.

ఆ మాట మాకు మఱపునకు రాకున్నది. తెల్లవాఱినది మొదలు దీపములవేళవఱకు వంగి కూర్చున్నను, యంత్రముతో నేసిన చౌకపఱపులతో ఈ చేతిపని పోటీపడలేకున్నది. చేతితివాచీ కొన్నవా రిండ్లలో అది రెండేండ్లకే చెడినచో, “ఇంత ధనమిచ్చి కొనుట వ్యర్థము” అని రెండవమాఱు కొనరు, చూచినవారును కొనరు. అదే తివాచీ ముప్పదియేండ్లు నిలిచి మనుమల కాళ్ళక్రిందకూడ మెఱసినచో, దానికంటె మంచి ప్రకటన వేఱేది? కాబట్టి పనివాని కూడు కొంతవఱకు మన కుంకుడుగిన్నెలోను, మన పసుపుకాగితములోను ఉన్నది.

సోదరీమణులారా, మీయింట ఉన్నితివాచీ యున్నచో సోడాడబ్బాను దానికి దూరముగ నుంచుడు. జంపఖానా యున్నచో ఆమ్లపుసీసాను దూరముగ నుంచుడు. క్రొత్తయింట ముహూర్తము తొందరయైనను నేలకు తొందర లేదు. గృహప్రవేశమునాడు చాపలు పఱచుకొనుడు, తివాచీని వేసవివఱకు చుట్టగట్టి గాలితగులు చోట బల్లపై నుంచుడు. ఏలూరుమీదుగ పోవువారు ఒకపూట ఆగి ఆ మగ్గములను కన్నులార చూచి పోవుడు. చూచినవారు తివాచీపై అడుగు మోపునప్పుడు తప్పక కాళ్ళు కడుగుకొని మోపుదురు.